సాగుదారు గడిలో నీ పేరు

అవ్వా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఈ ఉత్తరం నువ్వు చదవవు. బతికున్నప్పుడూ నీకు అక్షరం రాదు. అయినా రాస్తున్నాను.

కాలువ కింది మడిని చూపించి "అది నా సేద్యం" అని నువ్వన్న ప్రతిసారీ మా నాయన నవ్వేవాడు. "కూలికి పోయేదానివి, నీకు సేద్యమేందిమ్మా" అనేవాడు. ఏటేటా ఏ మడి ఎవరిదో రాసే పహణీని ఒకసారి తాలూకా కచేరీలో చూశాడు కూడా. యజమాని గడిలో షావుకారు పేరు కనబడగానే తిరిగొచ్చేశాడు. మనవాళ్లంతా అక్కడే ఆగిపోతారు.

నిన్న సిరుగుప్పలో అదే కచేరీకి నేను పోయాను. గుమాస్తా ఆ పేరే చూపించి, "మీది కాదు కదమ్మా, ఇంకేం చూస్తాండావు?" అన్నాడు.

"భూమి ఎవురిదని అడగలేదప్పా. ఎవురు పండించినారో ఆ గడి చూడు," అన్నాను.

పేజీలో కుడివైపున, సాగుదారు గడిలో, నీ పేరుంది. తాత పేరు కాదు, నీదే. మరుసటేడూ నీదే, ఆ పైయేడూ నీదే. నకలు చేతికిచ్చేదాకా నేను కదల్లేదు.

ఈ పొద్దున మడి గట్టున నిలబడి ఆ నకలును గొంతెత్తి చదివాను. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు తలెత్తి చూశారు.

"ఎవురికి చదివి ఇనిపిస్తాండావమ్మా, ఆ గట్టున ఎవురూ లేరే?" అంది ఒకామె.

"ఈ మడి చేసినామెకు," అని, మళ్లీ మొదటి నుంచి చదివాను.