కొప్పుతో అందిన గీత

పెద్దోడా, మీ చెల్లి వాళ్లతో పార్కుకి క్షేమంగా చేరాను. "మేనల్లుళ్లకు మీసాలొచ్చాయి, ఇంకా ఏటేటా అదే పార్కేమిటమ్మా?" అని దెప్పావుగా, విను. రోలర్ కోస్టర్ గేటు దగ్గర ఎత్తు కొలిచే గీత గుర్తుందా? చిన్నప్పుడు నీకది అందక కాళ్లు నేలకేసి కొట్టి ఏడ్చావు. ఈసారి నడుం వంగిపోయి నాకే అందలేదు.

"కుదరదు మామ్మా" అన్నాడు గేటు దగ్గరతను.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఎక్కుతున్నా, నాకే చెప్తావా?" అని కొప్పు విప్పి నడినెత్తిన ముడేశాను. గీత అందింది! అతను నవ్వాపుకోలేక గొలుసు తీశాడు. రెండుసార్లు ఎక్కాను.

పెరటి తలుపు గడియ పెడుతున్నావా? మల్లెమొక్కకు నీళ్లు మరిచిపోకు. మాకు విసుగు రాలేదు, రాదు. వచ్చే ఏడూ వస్తాం. జుట్టు పలచబడుతోంది, ఈలోగా నాకు ఎత్తుమడమల చెప్పులు కొనిపెట్టు.

దీవెనలతో,
అమ్మ