జాంగ్రీని రానిచ్చే కొట్లు

గోరిమేడు,
పాండిచ్చేరి,
16-9-1984.

చి. ల. సౌ. నాగకుమారికి మీ నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నా ఆరోగ్యం బాగానే ఉంది. యానాంలో నువ్వూ, అల్లుడుగారూ, మీ అత్తగారూ కులాసా అనీ, చిన్నబ్బాయికి జ్వరం తగ్గిందనీ నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఇంకో వారం వాణ్ణి వానలో తిరగనివ్వకు.

నీ ఉత్తరం వచ్చి పన్నెండు రోజులైంది. జవాబు ఆలస్యం కావడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. రిటైరైనవాడికి తీరికకేం తక్కువ. నువ్వు అడిగినవాటిలో కొన్నిటికి జవాబు తేలిక, ఒకదానికి కాదు. తేలికవి ముందు రాస్తాను.

వంట చేసుకోవడం లేదు. మే నెల నుంచి స్టవ్వు వెలిగించలేదు. నువ్వు రాసి పంపిన ప్రకారం పప్పుచారు రెండుసార్లు కాచాను, బాగానే కుదిరింది. వండటం కష్టం కాదు. వండినదాని ముందు ఒక్కణ్ణీ కూర్చోవడమే కుదరలేదు. అందుకని మూడు పూటలా బయటే. జాంగ్రీ కూడా నా వెంట వస్తుంది. దాన్ని ఇంట్లో కట్టేసి వెళితే నేను తిరిగి వచ్చేదాకా ఏడుస్తుందని పక్కింటివాళ్ళు చెప్పారు.

శుచిగా ఉన్నచోటే తింటున్నావా అని అడిగావు. గోరిమేడులో శుచి అంటే పద్మనాభన్ మెస్సే. నేలమీద పడిన మెతుకు కూడా కనపడదు. కాని కుక్కను గుమ్మం దాకా కూడా రానివ్వడు. మొదటిరోజే చేతులు కట్టుకుని నవ్వుతూ అడిగాడు. "సార్, మీకు ఆకు వేస్తాను. దానికి ఎక్కడ వెయ్యమంటారు? మా మామగారి పక్కనా?" వాళ్ళ మామగారు కౌంటరు దగ్గర కూర్చుని అంతా వింటున్నాడు. ఆయన నవ్వలేదు. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు.

పొద్దున పట్టమ్మాళ్ దగ్గర ఇడ్లీ. ఆసుపత్రి వెనక వీధిలో ఆమె తన ఇంటి అరుగు మీదే పొయ్యి పెట్టుకుని వేస్తుంది. రోగుల వెంట వచ్చినవాళ్ళంతా అక్కడే తింటారు. కుక్క వస్తే ఆమెకు అభ్యంతరం లేదు, కాని షరతులున్నాయి. అరుగెక్కకూడదు, వాకిట్లో ముగ్గు తొక్కకూడదు. "అది ముగ్గు తొక్కిందంటే మీకు ఇడ్లీ లేదు సార్" అని తమిళంలోనే నాకు చెబుతుంది. తప్పు దానిది, శిక్ష నాది. చట్నీలో కారం ఎక్కువ. మొత్తం మీద బాగుంటాయి.

మధ్యాహ్నం తిలగం అనే ఆమె నడిపే పూరింట్లో సాంబారన్నం. అక్కడ కోళ్ళూ మేకలూ కూడా తిరుగుతుంటాయి, కుక్కను ఎవరూ పట్టించుకోరు. ఆ సంగతి మీ అత్తగారికి చెప్పకు. సాయంత్రం ఆసుపత్రి గేటు ఎదుట చిన్నదురై టీ కొట్టు. అతను నన్ను చూడగానే "సారుకు టీ, అమ్మగారికి బన్ను" అని లోపలికి కేకేస్తాడు. అమ్మగారంటే జాంగ్రీ.

ఇక బ్రాందీ షాపు సంగతి. రంగరాజన్ గారి భార్య నీకు రాసింది నిజమే. అళగేశన్ షాపులో నేను కూర్చోవడం ఆమె చూసి ఉంటారు. ఐదారు గురువారాలు కూర్చున్నాను. గోలీసోడా తాగాను, ఉడికించిన వేరుశెనగలు తిన్నాను. అంతకుమించి ఏమీ లేదు. ఆ అళగేశన్ ఫ్రెంచివాళ్ళ సైన్యంలో చేసి పెన్షను పుచ్చుకుంటున్న మనిషి. ఆ దేశంలో కుక్కలు హోటళ్ళలో బల్లల కింద పడుకుంటాయట. జాంగ్రీకి తనే ఒక గిన్నెలో నీళ్ళు తెచ్చి పెట్టి, "మన ఊళ్ళో మనుషులకే మర్యాద తెలీదు సార్, దానికి తెలుసు" అన్నాడు. అది ఉన్నంతసేపూ తాగినవాళ్ళు కూడా నెమ్మదిగా మాట్లాడారు. నేను అక్కడికి ఎందుకు వెళ్ళానో కింద రాస్తాను. నీ మనసులో ఉన్న భయం మాత్రం పెట్టుకోవద్దు.

జాంగ్రీని పాల ముత్తుకు ఇచ్చేసి యానాం రమ్మనీ, సంవత్సరీకం గోదావరి ఒడ్డునే జరిపిద్దామనీ రాశావు. అల్లుడుగారు కూడా అదే మాట అన్నారని రాశావు. వారి మాట కాదనడం నాకు ఇష్టం లేదు. ముత్తు మంచివాడు, కుక్కను బాగా చూసుకుంటాడు. అది మీ అమ్మ పెంచిన కుక్క అనీ, అందుకే నేను వదల్లేకపోతున్నాననీ నువ్వు అనుకుంటున్నావు. మీ అమ్మ దాన్ని కాలవగట్టు నుంచి ఇంటికి తెచ్చినప్పుడు వద్దన్నది నేనే. ఆమె రంగు చూసి జాంగ్రీ అని పేరు పెట్టింది. నేను మూడేళ్ళు 'ఆ కుక్క' అనే అన్నాను. వదలకపోవడానికి కారణం అది కాదు.

ఇప్పుడు తేలిక కాని దానికి వస్తాను.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట రాస్తున్నావు. 'నేను అందుకోలేకపోయినా నువ్వున్నావు నాన్నా, అమ్మ నీ చేతి తులసినీళ్ళు తాగి వెళ్ళింది, అదొక్కటే నాకు ఊరట' అని. ఈసారి మీ అత్తగారు ఆ మాట పదిమందికీ చెప్పి, పుణ్యాత్మురాలు అంటున్నారని కూడా రాశావు. టెలిగ్రాం అందుకుని నువ్వు వచ్చేసరికి మర్నాటి సాయంత్రమైంది. గుమ్మంలో నిలబడే "అమ్మ దగ్గర ఎవరున్నారు?" అని అడిగావు. నేనున్నానన్నాను. నీళ్ళు పోశానన్నాను.

నేను లేను, అమ్మా.

ఇంకా రెండు మూడు రోజులు పట్టవచ్చని డాక్టరు పొద్దున చెప్పాడు. నాలుగింటికి టీ తాగి వస్తానని మీ అమ్మతో చెప్పి కిందికి దిగాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నన్ను ఏదీ తెమ్మని అడగలేదు, ఎక్కడికీ పంపలేదు. తర్వాత కొందరితో ఆమే పంపిందని చెప్పాను, అది కూడా అబద్ధం. జాంగ్రీ రోజూ నా సైకిలు వెంట వచ్చి చిన్నదురై కొట్టు ముందు పడుకునేది. దానికి బన్ను కొన్నాను. నేను టీ తాగాను. పది నిమిషాల్లో పైకి వెళ్ళవచ్చు. వెళ్ళలేదు. ఇంకో టీ చెప్పాను. మొత్తం నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాను. ఆ బెంచీ మీద కూర్చుంటే మీ అమ్మ ఊపిరి చప్పుడు వినపడదు. అంతకంటే కారణం లేదు.

పైకి వెళ్ళేసరికి పక్క మంచం దగ్గర ఉండే పిల్ల మీ అమ్మ దుప్పటి సర్దుతోంది. నర్సు వచ్చి చూసి వెళ్ళిందట. ఆ పిల్ల వాళ్ళ అత్తగారికి తోడుగా వార్డులో ఉండేది. ఇక్కడి తెలుగువాళ్ళ భాషలో "యాడికి పోయినావయ్యా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆమె ముఖం వంక కూడా చూడలేదు. మర్నాడు వాళ్ళను ఇంటికి పంపేశారు.

పేరు తెలీదు, ఊరు తెలీదు. వార్డులో అడిగితే, పేరు లేకుండా ఎక్కడని వెతుకుతాం అన్నారు. అది న్యాయమే. నాలుగు నెలలు ఊరుకున్నాను. మాసికాలు పెట్టిన ప్రతిసారీ నీ ఉత్తరంలోని తులసినీళ్ళే గుర్తుకొచ్చేవి. ఆఖరి గడియ గురించి తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఆమె ఎదుటపడినా నేను పోల్చుకోలేను. జాంగ్రీ పోల్చుకుంటుంది. ఆ పిల్ల గేటు దగ్గరకు వచ్చి మిగిలిన ఇడ్లీలు దానికి పెట్టేది. ఇది నాకు ఫిబ్రవరిలో తట్టింది. పాత రోగులు పరీక్షకు వచ్చేది గురువారం. అప్పటి నుంచి గురువారాలు ఆసుపత్రి చుట్టుపక్కల కుక్కను రానిచ్చే ప్రతి కొట్టులోనూ కూర్చుంటున్నాను. ఆడవాళ్ళు వచ్చేచోట్ల కనపడకపోయేసరికి, వాళ్ళ మగవాళ్ళు ఎవరైనా ఆమె సంగతి చెబుతారేమోనని అళగేశన్ దగ్గర కూడా కూర్చున్నాను. జాంగ్రీని ముత్తుకు ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

మొన్న గురువారం పట్టమ్మాళ్ అరుగు దగ్గర తింటున్నాను. జాంగ్రీ లేచి, ముగ్గు మీదుగా పరుగెత్తి వీధిలోకి పోయింది. పట్టమ్మాళ్ గరిటె ఎత్తి అరిచింది. అది పోయి ఒక పిల్ల చీర పట్టుకుని ఎగురుతోంది. ఆమె ఒక చేత్తో ముసలమ్మను పట్టుకుని ఉంది.

"ఏందే జాంగ్రీ! యాడ తింటా ఉండావే, ఇంత లావైనావు?" అంది దానితో. తర్వాత నన్ను చూసింది. "అయ్యా, ఆ దినం అడిగినానే, యాడికి పోయినావని. ఇంకా బదులు చెప్పలా నువ్వు."

"టీ తాగుతున్నానమ్మా" అన్నాను.

"అది నాకు తెలుసులే. పైనించి కనపడతానే ఉంటివి."

పేరు కుప్పమ్మాళ్. బాహూరు నుంచి అత్తగారిని తీసుకుని రెండు బస్సులు మారి వచ్చింది. ఆ ముసలమ్మకు ఇడ్లీ పెట్టించి, కుప్పమ్మాళ్‌ను ఆ రోజు సంగతి అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

నేను కిందికి దిగాక మీ అమ్మ కళ్ళు తెరిచిందట. కిటికీ వైపు తిప్పమందట. కుప్పమ్మాళ్ వీపు వెనక రెండు తలగడలు పెట్టి లేపింది. కిటికీలోంచి చూస్తే టీ కొట్టు కనపడుతుంది. నేను కుక్క కోసం టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోస్తున్నాను. అది నాకు గుర్తు కూడా లేదు.

"అక్క నవ్వింది అయ్యా. 'చూడవే కుప్పమ్మా, మావారు కుక్కకి టీ చల్లారుస్తన్నారు! ముప్ఫై ఏళ్ళ కాపరంలో నాకో గుక్క చల్లార్చి ఇచ్చిన పాపాన పోలేదు, ఆయ్!' అని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. నీళ్ళు అడిగింది. నేను పోసినా. 'పోయి అయ్యని పిలుచుకోని వస్తా అక్కా' అంటే నా చెయ్యి పట్టుకునింది. 'వద్దులే, తాగనీ' అనింది. కొంచెంసేపు చూస్తానే ఉండింది. అంతే."

ఆమె అబద్ధం చెబుతోందేమో అని ఒక క్షణం అనుకున్నాను. నన్ను ఊరడించడానికి చెప్పవచ్చు. కాని బాహూరు పిల్లకు మన గోదావరి 'ఆయ్' ఎలా వస్తుంది? ఆ మాట ఎగతాళి చేసి వార్డులో ఇద్దరూ నవ్వుకునేవారట. అందులో దెప్పు కూడా ఉంది. ఊరడించేవాళ్ళు దెప్పు కల్పించి చెప్పరు. నిజంగానే నేను ఎన్నడూ ఇవ్వలేదు.

నీళ్ళు పోసిన చెయ్యి నాది కాదు, కుప్పమ్మాళ్‌ది. తులసి కూడా లేదు, ఉత్త కుళాయి నీళ్ళు. ఇది నీకు తెలియకుండా నీ పక్కన కూర్చుని సంవత్సరీకం పెట్టలేను. మీ అత్తగారికి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం. నీకున్న ఒక్క ఊరట తీసేశానని తెలుసు. ఏడాది పాటు నీతో దాన్ని రాయించుకున్నందుకు నన్ను క్షమించమని అడగడం లేదు. కోపం వస్తే రావడం మానకు. వచ్చి ఇక్కడే కోప్పడు.

సంవత్సరీకం ఇక్కడే పెడతాను. తిథి అక్టోబరు రెండో వారంలో పడుతోంది, పురోహితుణ్ణి అడిగి తేదీ రాస్తాను. అల్లుడుగారికి వీలు కాకపోతే చిన్నబ్బాయిని తీసుకుని నువ్వు రా. మద్రాసు బస్సు గోరిమేడులో ఆగుతుంది, ఊళ్ళోదాకా వెళ్ళవద్దు. కుప్పమ్మాళ్‌ను భోజనానికి పిలిచాను, వస్తానంది.

ఆమె చెప్పిన మాటలు పైన రాశాను గాని, ఆమె వాటిని తన గొంతుతో చెప్పలేదు. మీ అమ్మ గొంతు పెట్టి చెప్పింది. ఇడ్లీ తింటున్నవాళ్ళు తిరిగి చూశారు. పదకొండు నెలల తర్వాత ఆ గొంతు విన్నాను. అది ఉత్తరంలో పెట్టి పంపడం నా వల్ల కాదు. నువ్వే వచ్చి విను.

ఇట్లు,
మీ నాన్న,
రామభద్రరావు.