మసీనా తెల్లగౌను

లెపేకా వదినా,

పందులకి కొబ్బరి వేశాను. పొయ్యి మీద అరటికాయలు ఉడకగానే దించండి. మసీనాని ఆపరేషన్‌కి అవతలి దీవిలోని అపియా పెద్దాసుపత్రికి పడవలో తీసుకెళ్తున్నాను.

దాని కడుపులో ఉన్నది బిడ్డ కాదు. నిన్న స్కాన్ చేసిన డాక్టరమ్మ, "అండాశయం మీద గడ్డమ్మా. ఈ వయసులో అరుదు. గర్భం టెస్టుని కూడా ఇదే మోసం చేసింది. తీసేసి మందులిస్తే నయమైపోతుంది, రెండోది బాగానే ఉంది" అంది. నాకేం భయం లేదు.

పెళ్లికాకుండానే కడుపు తెచ్చుకుందని దాన్ని చర్చి పాటల గుంపులోంచి తీయించి, మీరు దాచేసిన దాని తెల్లగౌను ఇస్త్రీ చేసి తగిలించండి. "నేనే తప్పూ చేయలేదత్తా, అబద్ధం కాదు" అని నా కూతురు మీ ముందు ఎంత ఏడ్చింది! మళ్లీ ముందు వరసలోనే పాడుతుంది.

లోసా

మరిచాను. ఆ బిడ్డకోసం మీరు చాటుగా అల్లుతున్న చాప చూశాను. ఆపకండి. కాస్త పొడుగ్గా అల్లండి, ఇంటికొచ్చాక మసీనా పడుకుంటుంది.