మూడు రోజుల శిక్షణ

ఏమండీ,

ఫోన్లో చెబితే పక్క సీటావిడ వింటుందని ఉత్తరం రాస్తున్నాను.

మీటింగు గదులు ఎవరికిచ్చామో ఇక్కడ నేను, ఆ ఊరి బ్రాంచిలో మీరు రిజిస్టర్లలో రాస్తున్నాం కదా. వాటి బదులు సాఫ్ట్‌వేర్ కొంటారట. ఏది కొనాలో తేల్చే పని నా నెత్తిన పడింది.

మొదటిది చవక. గదికింతని నెలనెలా కడితే చాలు, వీడియోలు చూసి మనమే నేర్చుకోవాలి. రెండోదానికి శిక్షణ ఖర్చు అదనం. రెండు బ్రాంచిల వాళ్ళనీ ఇక్కడే కూర్చోబెట్టి మూడు రోజులు నేర్పుతారు. నేను రెండోదే రాశాను.

"ఇంత ఖర్చెందుకమ్మా?" అన్నారు మేనేజరుగారు.

"వీడియోలు చూసి ఎవరు నేర్చుకుంటారు సార్? రేపు ఒకే గదికి ఇద్దరొచ్చి కొట్టుకుంటారు," అన్నాను. అబద్ధమేం కాదు. సంతకం పెట్టేశారు.

మీకు బదిలీ అయి ఏడు నెలలు. మీ దగ్గు ఫోన్లో వినడమే తప్ప వీపు నిమిరింది లేదు.

సోమవారం మొదలు. మీకు కంప్యూటరు ఇట్టే పట్టుబడుతుందని తెలుసు. దయచేసి ఆ తెలివి ఇక్కడ చూపించకండి. మొదటిరోజే నేర్చేసుకుంటే రెండోరోజే బస్సెక్కించేస్తారు. నా పక్క కుర్చీలో, ఏమీ అర్థం కానట్టు కూర్చోండి.

ఇట్లు,
మీకన్నా ఆలస్యంగా నేర్చుకోబోయే
మీ ఆవిడ