ప్రస్థానం పెట్టిన టికెట్టు

మంథని,
18-3-1989.

శ్రీవారికి,

మస్కట్‌లో విమానం దిగి మీ ఎదుట నిలబడి పెట్టాల్సిన నమస్కారాన్ని మీ ప్రమోదిని మంథని నుంచే కాగితం మీద పెడుతోంది. ఇంట్లో అందరూ క్షేమమే, నా తలకాయ ఒక్కటి తప్ప.

బొంబాయి నుంచి ఇచ్చిన టెలిగ్రాం అంది ఉంటుంది. రాలేకపోయానని తప్ప అందులో ఇంకేం చెప్పగలను? ఆ రాత్రి మీరు విమానాశ్రయంలో చిట్టచివరి మనిషి బయటికి వచ్చేదాకా చూసి ఉంటారు. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది, ఆ వెనకే కోపమొస్తోంది. ఎవరి మీద అని అడగకండి, అందరి మీదా.

మీరేమో టికెట్టు మంగళవారానికి తీశారు. ఇంటి కోడలు మంగళవారం గడప దాటకూడదని అత్తయ్య పట్టు. సరే, దానికి ప్రస్థానం ఉంది కదా! మంచిరోజు చూసి మన సామానులో ఏదో ఒకటి ముందే వేరే ఇంట్లో పెడితే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు. ఆదివారం అత్తయ్య నా సంచి తీసుకెళ్ళి మీ మేనత్త లీలాబాయి గారింట్లో పెట్టి వచ్చారు. దూరప్రయాణానికి చీర, కుంకుమ చాలవట, టికెట్టూ పాస్‌పోర్టూ కూడా అందులోనే పెట్టానన్నారు. పెట్టింది మళ్ళీ ఇంటికి తేకూడదు, వెళ్ళేటప్పుడు దారిలో తీసుకోవాలి.

మంగళవారం పొద్దున్నే మీ అన్నయ్య, మధుసూదన్‌రావు బావగారు, కారు తెచ్చారు. వెళ్ళి చూస్తే మేనత్త ఇంటికి తాళం! నా ప్రయాణం సుఖంగా సాగాలని మొక్కడానికి ఆవిడ మొదటి బస్సుకే కొండగట్టు వెళ్ళారట. నవ్వాలా, నెత్తి కొట్టుకోవాలా? బావగారు తాళం పగలగొడతానంటే అత్తయ్య తలుపుకు అడ్డం నిలబడి, "ఆడబిడ్డ ఇంటి తాళం మీద చెయ్యేస్తే నేనీడనే కూసుంట" అన్నారు. మేనత్త ప్రసాదంతో వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అత్తయ్యే లోపలికి వెళ్ళి, సంచి తెచ్చి, టికెట్టూ పాస్‌పోర్టూ నా చేతిలో పెట్టారు. హైదరాబాద్‌లో ఎక్కాల్సిన విమానం ఇక అందదు.

అప్పుడు బావగారికి ఉపాయం తట్టింది. బొంబాయిలో మస్కట్ విమానం మర్నాటి రాత్రి కదా, కరీంనగర్‌లో బొంబాయి బస్సు ఎక్కితే అందుకోవచ్చన్నారు. ఒళ్ళు హూనమైనా అందుకున్నాం. తీరా కౌంటర్‌లో అమ్మాయి జాబితా చూసి నా పేరు లేదంది. ఒకే టికెట్టు మీద రెండు విమానాలుంటే, మొదటిది ఎక్కనివాళ్ళకు రెండోది కూడా రద్దయిపోతుందట.

బావగారు ఊరుకుంటారా? "మంథనిల టికెట్ తీసుకున్నోడు పెద్దపల్లిల బస్సెక్కితే కండక్టర్ దింపేస్తడా? హైదరాబాద్ నుంచి మీ సీటు మీకే మిగిలింది గద, మాకే దండం పెట్టాలె!" అని తెలుగూ ఉర్దూ కలిపి కొట్లాడారు. ఆ అమ్మాయి "సారీ సార్" అంటూనే ఉంది. అంత మర్యాదగా గొంతు కోసేవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

వీసా ఈ నెలాఖరు దాకానే. దాని కోసం మీరు రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అది పోతే మళ్ళీ ఎన్నాళ్ళు విడిగా ఉండాలో ఏమో. ఎలాగైనా ఇంకో టికెట్టు పంపండి. నన్ను ఎంతైనా తిట్టండి గానీ, రావడం ఇష్టంలేక ఆగిపోయానని మాత్రం అనుకోకండి.

ఇట్లు,
బొంబాయి దాకా వచ్చి తిరిగిపోయిన
మీ ప్రమోదిని.

తా.క.: కవరు అంటిస్తుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. తర్వాత మెల్లగా, "గా సంచిల టికెట్, పాస్‌పోర్ట్ పెట్టనే లేదు బిడ్డా. ఇంకోలింట్ల ఇడువబుద్ధి గాలే. నా బొడ్లెనే ఉండె" అన్నారు. అంటే మేమంతా తాళం వంక చూస్తూ నిలబడినంతసేపూ టికెట్టూ పాస్‌పోర్టూ ఆవిడ నడుము దగ్గరే ఉన్నాయన్నమాట! ఎందుకు చెప్పలేదని అరిచాను.

"చెప్తే సంచి ఇడిసిపెట్టి గట్లనే పోతుంటివి. మీ మామ మంగళారమే గడప దాటి పోయిండు, మల్ల రాలే. ఒక్క విమానం తప్పితే మొత్తం పోతదని నాకేమెరుక? విమానం పోతే ఇంకోటొస్తది. నీకేమన్నయితే నా కొడుక్కు నేనేం జెప్పాలె?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆవిడ మీద కోపం నిలవలేదు. మీ మీద మాత్రం ఉంది. ఈసారైనా పంచాంగం చూసి టికెట్టు తీయండి. బొంబాయి నుంచి రాగానే అత్తయ్య మళ్ళీ తీసి దాచిన పాస్‌పోర్టు అడిగి తీసుకుని నా నడుముకే కట్టుకున్నాను.