పాతరలో ఆరిన దీపం

11 జూలై 1946, గురువారం

ఈ డైరీ ఎవరి చేతిలో పడినా సరే, ముందు నిన్నే అడుగుతున్నాను. నీ తమ్ముణ్ణి చంపినవాడు పంపిన బియ్యం నువ్వు వండుకుంటావా?

సాహుకారు నగరేశ్వరరావు ఒక బస్తా పంపాడు. మా మరదలు అసిరమ్మ గుమ్మంలో దింపించాడు. నేనే మోసుకెళ్లి వాడి అరుగు మీద కుమ్మరించి వచ్చాను.

నిన్న మా తమ్ముడు సోములు వాడి పెరట్లో ధాన్యం పాతరలోకి దిగి చచ్చిపోయాడు. మాఘమాసంలో మట్టి కప్పి మూసిన గొయ్యి అది. లోపల గాలి చచ్చిపోయి ఉంటుంది. అందుకే మూత తీసి ఒక రాత్రి వదిలేస్తారు. ఆ తర్వాత తాడుకి దీపం కట్టి దింపుతారు. దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. కానీ సర్కారుకి ధాన్యం వసూలు చేసే లెవీ ఆఫీసరు నరసన్నపేట దాకా వచ్చాడని కబురు. సరుకు పైకి తీసి వేరేచోట దాచెయ్యాలి. మూత తీసిన వెంటనే దీపం దింపారు. ఆరిపోయింది. సోములు వెనక్కి తగ్గాడు. ఒరే, పైగాలికి ఆరిపోనాదిరా, దిగరా ఎదవా, అన్నాడట సాహుకారు. పక్కనే ఉన్న దాలయ్య విన్నాడు. సోములు వాడింట్లో కంబారి, ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. కాదంటే కూడు లేదు.

గంప పట్టుకుని దిగాడు. వంగాడు. మళ్లీ లేవలేదు. కొక్కేలు వేసి లాగారు. పెదాలు నేరేడుపండు రంగు.

12 జూలై

గుండె ఆగి మరణం అని మునసబు రిపోర్టు. సంతకం కూడా పెట్టాడు.

14 జూలై, ఆదివారం

నాకు అక్షరాలు వచ్చింది బడిలో కాదు, బైబిలు గ్రంథం మీదే. ఇవాళ నేను బోధ చెప్పే ప్రార్థన పాకలో అది తెరిస్తే, తమ్ముడి రక్తం నేలలోంచి మొరపెట్టిన చోట వేలు ఆగింది. సోములు రక్తం బొట్టు కూడా చిందలేదు. ఊపిరే పోయింది. ఊపిరి మొరపెట్టదా?

పగ దేవుడి పని అని కూడా అందులోనే ఉంది. ఆ పేజీ ఇవాళ తిప్పలేదు.

నగరేశ్వరరావు పాతరలో ఎవడూ దిగకూడదని అందరిచేతా ప్రమాణం చేయించాను. దాలయ్య వెక్కిరించాడు. ఏటి బోధకుడా, పోయినోరం క్షమించమన్నావు, ఈ వారం పీక నొక్కమంటన్నావు, అన్నాడు. పాక అంతా నవ్వింది. క్షమించమని అడిగేవాడేడిరా, చూపించు, అన్నాను.

ప్రమాణం మొదట చేసింది దాలయ్యే.

17 జూలై

ముసురు. సాహుకారు రెండో పాతరలోకి నీరు ఊరుతోంది. దిగి సరుకు తీస్తే కూలి రెట్టింపు అన్నాడు. ఎవడూ కదల్లేదు. చివరికి గొడుగు వేసుకుని మా పేటకే వచ్చాడు. నీ మాట వింటారు, నువ్వు చెప్పు నాయనా, అని బతిమాలాడు. నన్ను నాయనా అనడం ఇదే మొదలు.

పదండి, అన్నాను. పేట పేటంతా వెనకాల వచ్చింది.

మూత తీయించాను. దీపం దింపించాను. సగం దూరంలోనే ఆరిపోయింది. పైగాలికేలెండి, మీరు దిగండి, అన్నాను. తాడు నేను పట్టుకుంటానన్నాను.

నిజం రాస్తాను. వాడు దిగి ఉంటే నేను లాగేవాణ్ణి కాదు.

వాడి మొహాన చెమట. అడుగు వెనక్కి వేశాడు. దీపం ఆరిపోతే దిగకూడదురా, సచ్చిపోతారు, మా తాతల నాటినుంచీ తెలిసిందే కదేటి, అని అరిచాడు.

అందరి ముందూ. వాడి నోటితోనే.

అసిరమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది. ఏడవలేదు. మరి నా పెనిమిటికి ఆ మాట ఎందుకు సెప్పలేదు బాబూ, అని అడిగింది.

వాడు నోరు తెరిచాడు. గాలికోసం ఎగబీల్చే చేపలా ఉన్నాడు. చూస్తూ నిలబడ్డాను. కడుపు నిండింది, కానీ పగ తీరలేదు.

18 జూలై, తెల్లవారుతూనే

ఇది పేటలో చదివి వినిపించడానికే రాస్తున్నాను. మునసబు సాహుకారు అరుగు మీదే కూర్చున్నాడు. సాయంత్రానికి మనలో సగం మందికి ఏమీ వినబడలేదని రాసేస్తారు. నిన్న విన్నవాళ్లారా, ఆడా మగా అందరూ, లేవండి. వాన ఆగేదాకా చూడొద్దు. గంజి తర్వాత తాగుదాం. విన్నది చెప్పడానికి ఇవాళే నరసన్నపేట పోలీసు స్టేషనుకి నడవండి. ఇప్పుడే.