కొడవలి కణాలు

ప్రిన్సిపాల్ అమ్మగారికి,

మీ బడి ఎదుట పంక్చర్లు వేసేవాణ్ణి, మీ బడిలో చదివే మోరెనికేకు అన్నను. "ఇది బడా, పంక్చరు షాపా?" అని తనిఖీకి ముందు మీరు తగలబెట్టించిన గొట్టం, జీవశాస్త్రం టీచరు అడిగితే నేను చేసిచ్చింది. గొట్టం రక్తనాళం అనుకోండి, పాత ట్యూబు కోసి అందులోకి రక్తకణాలు చేశాను. నీళ్ళు పోస్తే గుండ్రటివి జారిపోయేవి, కొడవలిలాంటివి ఇరుక్కునేవి. మా చెల్లి రక్తం అలా ఇరుక్కోవడం వల్లే దానికి నొప్పి వస్తుందని పిల్లలు కళ్ళారా చూశారు. "మళ్ళీ ఎప్పుడు చస్తావే, అబికూ, చచ్చి చచ్చి అదే కడుపున పుట్టే దయ్యమా? మీ అమ్మను ఏడిపించడానికేగా పుట్టావు!" అనేవాళ్ళు నోరు మూశారు.

కొత్తగా చేరినవాళ్ళకు చూపడానికి గొట్టం లేదు. నిన్న మళ్ళీ అదే మాట అన్నారు. చెల్లి బడికి రానంది.

ఇంకొకటి చేసి దాని చేతికిచ్చాను. రేపు తెస్తుంది, క్లాసులో తనే నీళ్ళు పోసి చూపిస్తుంది. ఈసారి తగలబెట్టాలంటే మీరే వచ్చి, ఆ పిల్ల చేతుల్లోంచి లాక్కోండి.

మోరెనికే అన్న